నూనె మీద సుంకం పెంచితే పామాయిల్ గెలకు రేటొచ్చింది, సోయాకు ఎందుకు రాలేదు?

#1 లెక్కలపుస్తకం
2024 సెప్టెంబరు 14న ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద దిగుమతి సుంకం మొత్తంగా 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచారు. రిఫైన్డ్ నూనెల మీద 13.75 నుంచి 35.75కి. రైతు కోసమే అన్నారు. ప్యాకెట్ రేటు వెంటనే ఎక్కింది. సోయా మాత్రం ఆ సీజనంతా 4,892 రూపాయల మద్దతు ధర కిందే ఈడ్చింది. ఏడాది తిరక్కముందే, 2025 మే 31 నుంచి, ముడి నూనె సుంకాన్ని 16.5కి దించేశారు. కొన్నవాడు ఎక్కువ కట్టాడు, సోయా పండించినవాడికి రాలేదు. మరి ఆ డబ్బు ఎక్కడ ఆగింది? దళారీలు తిన్నారు అనే ఒక్క ముక్క జవాబు వద్దు. లెక్కతో చెప్పండి.

#2 పల్లీపప్పు
దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు. అంతే, ఇంకేం లెక్క.

#3 లెక్కలపుస్తకం
చివరి రెండు వాక్యాలు చదవకుండానే జవాబు రాసినట్టున్నారు.

#4 ఎక్స్‌బాండ్
ముందు సుంకం ఎలా పడుతుందో చూద్దాం. ముడి నూనెకు బేసిక్ డ్యూటీ 20, అగ్రి సెస్సు 5. ఈ రెండూ కలిపిన దాని మీద పదోవంతు సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి, అంటే 2.5. మొత్తం 27.5. అంతకుముందు బేసిక్ సున్నా, సెస్సు 5, సర్‌చార్జి 0.5. రిఫైన్డ్‌కు ఆ సెస్సు లేదు, 32.5 బేసిక్ మీద పదోవంతు కలిపితే 35.75.

ఇంకో సంగతి. పామాయిల్, సోయా నూనెలకు ఇన్‌వాయిస్ ధర మీద కట్టరు, టారిఫ్ వాల్యూ మీద కడతారు. పరోక్ష పన్నుల బోర్డు దాన్ని పదిహేను రోజులకోసారి డాలర్లలో ప్రకటిస్తుంది. చౌకగా కొన్నా ఖరీదుగా కొన్నా సుంకం ఒకటే.

లెక్క సులువు కోసం టన్ను 1,000 డాలర్లు, డాలరు 84 రూపాయలు అనుకోండి. టన్ను 84,000. పాత సుంకం 4,620, కొత్తది 23,100. తేడా టన్నుకు 18,480, కిలోకు పద్దెనిమిదిన్నర. లీటరు పామోలిన్ సుమారు 910 గ్రాములు తూగుతుంది. పైన 5 శాతం జీఎస్టీ కలిపితే లీటరు ప్యాకెట్‌కు పదిహేడున్నర రూపాయలు. కొన్నవాడు కట్టిన అదనం ఇంత. దిగుమతైన నూనె మీద ఇది నేరుగా ఖజానాకు పోతుంది. మనం తినేదాంట్లో సగానికి పైగా దిగుమతే కాబట్టి మొదటి లాభం సర్కారుది, దళారీది కాదు.

#5 పల్లీపప్పు
పూజారి ఎవరో తేలిపోయిందిగా మరి.

#6 గెలలబండి
ఎక్స్‌బాండ్ గారి లెక్కనే పట్టుకెళ్దామండి. పామాయిల్ గెలకి ఫార్ములా ఉంది. 2021 ఆగస్టులో వచ్చిన ఆయిల్‌పామ్ జాతీయ మిషన్ ప్రకారం ఫ్యాక్టరీ రైతుకి ఇచ్చేది ముడి పామాయిల్ ధరలో 14.3 శాతం. ముడి పామాయిల్ టన్నుకి 18,480 పెరిగితే గెలల టన్నుకి 2,640 చిల్లర పెరగాలి. ఎకరాకి 8 టన్నులు తీసే తోటకి ఏడాదికి 21 వేలు. ఎవరినీ బతిమాలే పని లేదు, నెలవారీ ధర ప్రకటనలో వచ్చేస్తుంది. ఆ సెప్టెంబరు తర్వాత తెలంగాణలో గెల ధర ఎలా ఎక్కిందో చూసినవాళ్ళకి తెలుసు.

ఫార్ములా ఎందుకు పుట్టిందంటే గెల కోసిన 24 గంటల్లో ఆడాలి. ఆలస్యమైతే ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ పెరిగి నూనె పాడవుతుంది. పైగా 1993 ఆయిల్‌పామ్ చట్టం ప్రకారం మండలాలు ఫ్యాక్టరీ జోన్లుగా పంచి ఉన్నాయి, ఆ జోన్ ఫ్యాక్టరీకే వెయ్యాలి. నిల్వ చెయ్యలేడు, వేరేచోటికి తోలలేడు, బేరమాడే దారే లేదు. అందుకే ధరకి సూత్రం కట్టారు. రైతు బలం వల్ల కాదండి, బలం బొత్తిగా లేకపోవడం వల్ల వచ్చిన సూత్రం ఇది.

#7 నల్లరేగడి
సోయాకు గా ఫార్ములా లేదు, అసలు ముచ్చట అదే. ఇంకోటి, సోయా గింజల నూనె ఎంతుంటదో ముందు సూడుండ్రి. క్వింటాల్ ఆడిస్తే 18 కిలోల నూనె, 80 కిలోల డీఓసీ, మిగిలింది తరుగు. డీఓసీ అంటే నూనె తీసినంక మిగిలే పిండి, కోళ్ల దాణాకు పోతది. పేరుకే నూనెగింజ.

లెక్క కట్టుండ్రి. సుంకంతోటి నూనె కిలోకు 18 పెరిగింది అనుకుందాం. 18 కిలోలకు 324 రూపాయలు పెరిగినట్టు. అదే టైముల డీఓసీ కిలోకు 5 రూపాయలు పడితే? 80 కిలోలకు 400 పోయినట్టు. మిల్లోడు గింజకు 76 తక్కువే పెడతడు. వాడు దొంగ అయినా దొర అయినా లెక్క గంతే అయితది.

#8 లెక్కలపుస్తకం
డీఓసీ ఎందుకు పడింది? దాని మీద సుంకం తగ్గించలేదు కదా.

#9 దాణామిక్సర్
ఇథనాల్ వల్ల. బియ్యం నుంచి, మొక్కజొన్న నుంచి ఇథనాల్ తీశాక మిగిలే పిప్పిని ఎండబెట్టి డీడీజీఎస్ పేరుతో అమ్ముతారు. బియ్యం డీడీజీఎస్‌లో ప్రోటీన్ 40 శాతం పైనే, సోయా డీఓసీలో 46 నుంచి 48. ధర మాత్రం బాగా తక్కువ. 2023 డిసెంబరులో చెరకు రసంతో ఇథనాల్ తీయడాన్ని కట్టడి చేశాక డిస్టిలరీలు ధాన్యం వైపు గట్టిగా తిరిగాయి, డీడీజీఎస్ మార్కెట్‌ను ముంచెత్తింది. దాణా ఫార్ములాలో డీఓసీ వాటా కోసేసి అక్కడ ఇది వేశారు.

ఎంతైనా వేయొచ్చని కాదు. మొక్కజొన్న డీడీజీఎస్‌లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉంటే కోడి లివర్ దెబ్బతింటుంది. కోడికి కావాల్సిన లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, విడిగా కలపాలి. బ్యాచ్ బ్యాచ్‌కూ ప్రోటీన్ మారుతుంది, రంగు మాడినట్టు నల్లగా ఉంటే జీర్ణం కాదు. అయినా కొద్ది శాతం మారినా దేశం మొత్తం మీద డీఓసీ గిరాకీ పడిపోవడానికి అది చాలు.

#10 గట్టుమీదోడు
అంటే పెట్రోలు బంకు పాలసీ వచ్చి నూనెగింజ పాలసీని తన్నింది.

#11 దాణామిక్సర్
అవును. ఆర్థిక శాఖ ఒక చేత్తో ఇచ్చింది, పెట్రోలియం శాఖ ఇంకో చేత్తో తీసుకుంది. రెండిటికీ మధ్య లెక్క చూసేవాడు లేడు.

#12 నల్లరేగడి
కోళ్లోళ్లు ఇప్పుడు డీడీజీఎస్ పేరు చెప్తున్నరు గని 2021 మర్చిపోతరా? సోయా క్వింటాల్ పది వేలు దాటంగనే, ఆగస్టుల 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా పిండి దిగుమతికి పర్మిషన్ తెచ్చుకున్నరు. మన దగ్గర గా గింజ ఏసుడు నిషేధం, గా గింజ పిండి తెచ్చుడు మాత్రం ఓకే. కొత్త పంట చేతికొచ్చే యాళ్లకు రేటు కిందికి జారింది.

#13 దాణామిక్సర్
అప్పుడు దాణా ఖర్చు మీద నిలవలేక చిన్న ఫారాలు బ్యాచ్‌లు ఖాళీ పెట్టుకున్నాయి. కోడి ఉత్పత్తి ఖర్చులో అరవై డెబ్బై శాతం దాణాదే. వాళ్ళూ రైతులే. మీ గెలుపు వాళ్ళ ఓటమి, వాళ్ళ గెలుపు మీ ఓటమి. ఇందులో ఎవరో ఒకరు దుర్మార్గుడై ఉండాలని లేదు.

#14 కొలిమి
ఒక ప్రశ్న. సుంకం భారమంతా మన కొనుగోలుదారుడి మీదే పడిందని #4లో అనుకున్నారు. వంటనూనెల దిగుమతిలో ప్రపంచంలో మనమే మొదటి స్థానం. మనం సుంకం వేస్తే ఇండోనేషియా తన ధర కొంత దించుకోవాలి కదా. పెద్ద గిరాకీదారు సుంకం వేస్తే కొంత భారం అమ్మేవాడూ మోస్తాడన్నది పాఠ్యపుస్తకం మాట.

#15 ఎక్స్‌బాండ్
వేరే సంవత్సరం అయితే నిజమే. ఈసారి కుదరలేదు. ఇండోనేషియా 2025 నుంచి డీజిల్‌లో 40 శాతం పామ్ బయోడీజిల్ కలపడం మొదలుపెట్టింది, అంతకుముందు 35. మనం కొనకపోతే వాళ్ళు తగలబెట్టుకుంటారు. 2024 చివర్లో పామాయిల్ సోయా నూనె కంటే ఖరీదైంది, మనవాళ్ళే సోయా నూనె వైపు జరిగారు. అమ్మేవాడికి వేరే దారి ఉంటే సుంకం అతని మీద పడదు.

#16 కొలిమి
సరే, ఒప్పుకున్నా. అయితే సోయా నూనెకు అర్జెంటీనా ఉంది, దానికి అంత దారి లేదు. నూనె నూనెకూ భారం వేరేగా పడుతుందన్నమాట.

#17 కిరాణాకబుర్లు
మీరంతా టన్నుల్లో ఉన్నారు, నేను ప్యాకెట్ దగ్గరే ఆగాను. సుంకం పెరిగిన నాలుగో రోజు, సెప్టెంబరు 17న, ఆహార శాఖ నూనె కంపెనీల సంఘాలను పిలిచి చెప్పిందేమిటి? తక్కువ సుంకంతో వచ్చిన సరుకు సుమారు 30 లక్షల టన్నులుంది, 45 నుంచి 50 రోజులకు సరిపోతుంది, అది అయ్యేదాకా ఎమ్మార్పీ పెంచొద్దని. ఎవరైనా విన్నారా? పాత సుంకం నూనె కొత్త రేటుకు అమ్మితే ఆ తేడా ఖజానాకు పోలేదు, రైతుకూ పోలేదు.

#18 ఎక్స్‌బాండ్
ఇది అసలైన ప్రశ్న. దీనికి కస్టమ్స్ చట్టం 15వ సెక్షన్ తెలియాలి. సుంకం ఏ రోజు రేటుకు పడుతుందంటే, ఒప్పందం రోజుదీ కాదు, ఓడ బయల్దేరిన రోజుదీ కాదు. సరుకును దేశంలో వాడకానికి (హోమ్ కన్సంప్షన్) విడిపించమని కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం, బిల్ ఆఫ్ ఎంట్రీ, వేసిన రోజుది. ఓడ రాకముందే వేస్తే ఓడకు కస్టమ్స్ ప్రవేశ అనుమతి (ఎంట్రీ ఇన్‌వర్డ్స్) ఇచ్చిన రోజుది. సుంకం కట్టకుండా కస్టమ్స్ అదుపులో ఉంచే బాండెడ్ ట్యాంకులో పెట్టి తర్వాత తీస్తే, ఎక్స్‌బాండ్ బిల్లు వేసిన రోజుది.

కాబట్టి సెప్టెంబరు 14 పొద్దున ఒకే రేవులో పక్కపక్క ట్యాంకుల్లో ఉన్న ఒకే నూనెకు రెండు జాతకాలు. సుంకం కట్టేసి డ్యూటీ పెయిడ్ ట్యాంకులో ఉన్నదానికి రాత్రికి రాత్రి టన్నుకు 18 వేల లాభం. బాండ్‌లో ఉన్నదానికి ఏ లాభమూ లేదు, కొత్త రేటు కట్టి తీసుకోవాల్సిందే. ముందే తక్కువ రేటుకు అమ్మకం ఒప్పుకుని ఉంటే వాడి పని అయిపోయినట్టే.

కిరాణాకబుర్లు చెప్పిన 30 లక్షల టన్నులను 18,480తో హెచ్చిస్తే 5,544 కోట్లు. ఇది పై హద్దు మాత్రమే. అంతా కొత్త రేటుకు అమ్ముడుపోలేదు, కొంత చిల్లర కొట్ల షెల్ఫుల్లోనే ఉంది. కానీ #1లో అడిగిన "ఎక్కడ ఆగింది" అన్నదానికి పెద్ద ముక్క ఇది.

#19 పల్లీపప్పు
చివరికి నా ఒక్క ముక్క జవాబుకే వచ్చారు, 18 పోస్టులు పట్టింది.

#20 ఎక్స్‌బాండ్
పూర్తిగా కాదు. 2025 మే 31న అదే లెక్క తిరగబడింది. 27.5 కట్టి ట్యాంకులో పెట్టుకున్నవాడికి పొద్దున్నే టన్నుకు 9 వేల చిల్లర పోయింది. సుంకం దిగుతుందన్న వాసన వస్తే అందరూ బాండ్‌లోనే ఉంచి ఎక్స్‌బాండ్ ఆపేస్తారు, పైప్‌లైన్ ఎండిపోతుంది, అప్పుడు కూడా ప్యాకెట్ రేటు ఎక్కుతుంది. సుంకం ఎంత అన్నదానికన్నా ఎప్పుడు మారుతుందో ముందు పసిగట్టగలిగినవాడే గెలుస్తాడు. చిన్న ప్యాకర్‌కు ఆ సమాచారం రాదు, ఆ నిల్వ పెట్టే పెట్టుబడీ ఉండదు.

#21 కిరాణాకబుర్లు
ప్యాకెట్ కొనేవాళ్ళకు ఒక మాట. రేటు పెరిగినట్టు కనిపించకపోతే బరువు చూడండి. 910 గ్రాములది 850కో ఇంకా కిందికో దిగి ఉంటుంది, కవరు సైజు మాత్రం అదే. లీటర్లు వదిలేసి గ్రాముకు ఎంత పడిందో లెక్కేయండి.

#22 రిఫైనరీరూట్
ఇంకొక గెలుపోటమి ఎవరూ తాకలేదు. ముడి నూనెకు, రిఫైన్డ్‌కు మధ్య తేడా. 2024లో రెండిటినీ ఒకేలా పెంచారు కాబట్టి తేడా 8.25 పాయింట్ల దగ్గరే ఉండిపోయింది. 2025 మేలో ముడి నూనె మాత్రమే దించారు, తేడా 19.25 అయింది. కొన్నవాడికి ఉపశమనం అని వార్తల్లో వచ్చింది. నన్నడిగితే ఆ నోటిఫికేషన్ కాకినాడ, కృష్ణపట్నం లాంటి రేవుల్లోని రిఫైనరీలకు రాసిన ఉత్తరం.

ఎందుకంటే ఇండోనేషియా, మలేషియా ముడి పామాయిల్ ఎగుమతి మీద ఎక్కువ పన్ను, రిఫైన్డ్ మీద తక్కువ పన్ను వేస్తాయి. రిఫైనింగ్ పని తమ దగ్గరే ఉండాలని. ఆ తేడాను మింగేయడానికి 8.25 చాలలేదు. ముడి నూనె రిఫైన్ చేస్తే వందలో ఐదు పాళ్ళ దాకా ఫ్యాటీ యాసిడ్ డిస్టిలేట్ కింద పోతుంది, అది సబ్బుల ఫ్యాక్టరీకి తక్కువకు అమ్ముకోవాలి. మిగిలినదాన్ని చల్లబరిచి వడకడితే సుమారు 80 పాళ్ళు పామోలిన్, 20 పాళ్ళు గట్టి కొవ్వు, అంటే స్టియరిన్. ఆవిరి, కరెంటు, బ్లీచింగ్ మట్టి ఖర్చులు వేరే. తయారైన పామోలిన్ దించి ప్యాక్ చేసుకోవడమే లాభమైతే రిఫైనరీ ఎందుకు నడుపుతారు? మే తర్వాత రిఫైన్డ్ పామోలిన్ దిగుమతి పడిపోయింది, ప్లాంట్లు తిరిగాయి.

#23 గట్టుమీదోడు
రిఫైనరీల గొడవ కొత్తదేం కాదు. మలేషియాతో ఒప్పందం కారణంగా 2019లో వాళ్ళ రిఫైన్డ్‌కు సుంకం 45, మిగతావాళ్ళకు 50. ముడి నూనె సుంకంతో తేడా తగ్గిపోయేసరికి ప్యాకెట్‌కు సిద్ధంగా ఉన్న నూనె వరదలా వచ్చింది. సెప్టెంబరులో ఆరు నెలలకు 5 శాతం సేఫ్‌గార్డ్, అంటే రక్షణ కోసం అదనపు సుంకం, వేశారు. 2020 జనవరిలో ఏకంగా రిఫైన్డ్ పామాయిల్‌ను నియంత్రిత జాబితాలో పెట్టారు. అయిదు పాయింట్ల కోసం ఎంత యుద్ధం.

#24 రిఫైనరీరూట్
టన్ను మీద ఐదు పాయింట్లంటే నాలుగు వేల పైమాట. రిఫైనింగ్ మార్జిన్ మొత్తం అంత ఉండదు చాలాసార్లు.

#25 కొలిమి
నేపాల్ సంగతి కూడా చెప్పండి. అక్కడ పామ్ తోటలు లేవు, సోయా నామమాత్రం. నూనె మాత్రం మనకు ఎగుమతి చేస్తుంది.

#26 ఎక్స్‌బాండ్
నేపాల్ నుంచి వచ్చే రిఫైన్డ్‌కు సుంకం సున్నా. షరతు ఏమిటంటే 30 శాతం విలువ అక్కడ జోడించాలి, టారిఫ్ హెడింగ్, అంటే కస్టమ్స్ పట్టికలో సరుకు వర్గం, మారాలి. ముడి నూనె తెచ్చి రిఫైన్ చేసి 30 శాతం విలువ పెరిగిందని చూపించడం కాగితం మీదే సాధ్యం అని మన పరిశ్రమ వాదన. 2024లో మన ముడి సుంకం 27.5 అయ్యాక ఆ దారి ఒక్కసారిగా వెడల్పైంది, సరిహద్దు దగ్గరి రాష్ట్రాల రిఫైనరీలు కుదేలయ్యాయి. ముడి సుంకం 16.5కి దిగాక మన రిఫైనరీతో పోలిస్తే వాళ్ళకున్న లాభం కూడా అంతే తగ్గింది. సుంకం గోడ ఎంత ఎత్తు కడితే పక్క సందుకు అంత గిరాకీ. ఇరవై ఏళ్ళ కిందట శ్రీలంక నుంచి వనస్పతి ఇలాగే వచ్చింది, చివరికి కోటా పెట్టారు.

#27 పల్లీపప్పు
మన వేరుశనగ సంగతి ఎవరూ ఎత్తరేం? 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టాక పదేళ్ళలోపే దేశంలో నూనెగింజల ఉత్పత్తి దాదాపు రెట్టింపైంది. దిగుమతి అవసరం నామమాత్రానికి దిగింది. 1994లో పామోలిన్‌ను ఎవరైనా తెచ్చుకోగల ఓపెన్ జనరల్ లైసెన్స్‌లో పెట్టి 65 శాతం సుంకంతో తలుపు తెరిచారు, 1998కల్లా అది 15. అనంతపురం పల్లి రైతు, రాయలసీమ ఎక్స్‌పెల్లర్ మిల్లులు ఆ దెబ్బ నుంచి లేవలేదు.

#28 కొలిమి
అనంతపురాన్ని ముంచింది పామోలిన్ ఒక్కటే అంటే ఒప్పుకోను. వర్షాధారం, ఏడాది తర్వాత ఏడాది అదే పంట, కాండం కుళ్ళు తెగులు, వరుస కరువులు. సుంకం 65 దగ్గరే ఉంచినా ఊడలు దిగే వేళకు వాన లేకపోతే కాయ రాదు. పైగా ఆ స్వయంసమృద్ధి రోజుల్లో నూనె ధర ఎంతుండేదో, తలసరి వాడకం ఎంత తక్కువో కూడా చెప్పాలి. పామోలిన్ వచ్చాకే పేదవాడి బాణలిలో నూనె పడింది.

#29 పల్లీపప్పు
పేదవాడి బాణలి అనగానే అందరూ నోరు మూసుకోవాలా? ఆ పేదవాడిలో సగం మంది పల్లి వేసినవాళ్ళే.

#30 నల్లరేగడి
రెండూ నిజమే. గని పల్లి, సోయా ఒక్కటి కాదు. వంద కిలోల పల్లికాయ కొడితే 70 కిలోల గింజ, ఎక్స్‌పెల్లర్ల 28, 30 కిలోల నూనె. రేటు నూనె మీదనే నిలుస్తది, చెక్క తర్వాత. కానీ పల్లి నూనె ఇప్పుడు పామోలిన్‌తోటి పోటీల లేదు, దాని గిరాకీ వేరే. గింజ సగం తిండికి, ఎగుమతికి పోతది. సుంకం పెంచినా దించినా దానికి తగిలేది తక్కువ. ఒక్క నోటిఫికేషన్‌తోటి అన్ని నూనెగింజలకు మేలైతదనుడే తప్పు. పామ్ నూటికి నూరు, పల్లి కొంచెం, సోయా దాదాపు సున్నా.

#31 లెక్కలపుస్తకం
నేనడిగిన దానికి సూటి జవాబు ఇదే, #30. పిన్ చేయమని మోడరేటర్‌కు మనవి.

#32 గెలలబండి
పామ్ నూటికి నూరు అనేశారు కానీ ఒక మెలిక ఉందండి. రాష్ట్రాలు ధర కట్టే ఫార్ములాలో ఓఈఆర్ అని ఉంటుంది, గెలలో నూనె శాతం. 18 అని లెక్క కడతారా 19 అని కడతారా అన్నదాన్ని బట్టి, ముడి పామాయిల్ టన్ను లక్ష రూపాయలున్నప్పుడు, రైతు వాటా నాలుగింట మూడొంతులు అనుకుంటే గెల టన్నుకి 750 తేడా. ఆంధ్ర రైతులు తెలంగాణ ఓఈఆర్ ఇవ్వమని ఏళ్ళ తరబడి అడిగింది ఇందుకే, 2019లో ఆ తేడా ప్రభుత్వమే కట్టాల్సివచ్చింది. పచ్చి గెల కోస్తే ఓఈఆర్ పడిపోతుంది. గెలకి పది పళ్ళైనా వాటంతటవి రాలాక కొయ్యాలి. కాడ పొడుగ్గా వదిలితే బరువొస్తుంది కానీ నూనె రాదు, ఫ్యాక్టరీ ఆ సగటుని అందరి మీదా రుద్దుతుంది.

రెండోది కాలం. మొక్క పెట్టాక నాలుగో ఏడు దాకా ఆదాయం లేదు. ఎకరాకి 57 మొక్కలు, తొమ్మిది మీటర్ల త్రికోణం. తోట పాతికేళ్ళు ఉంటుంది. మరి సుంకం? 2018 మార్చిలో ముడి పామాయిల్ మీద బేసిక్ డ్యూటీయే 44 శాతం. అది చూసి మొక్క పెట్టినవాడు 2022లో మొదటి గెల కోసేనాటికి అన్నీ కలిపి 5.5. తర్వాత 27.5, తర్వాత 16.5. ఇండోనేషియా 2022 ఏప్రిల్ చివర్లో ఎగుమతి ఆపి మూడున్నర వారాలకే తెరిచింది, ఆ ఊపులో ధర ఆకాశానికెక్కి అంతే వేగంగా దిగింది. పాతికేళ్ళ పంటని ఆరు నెలల సుంకంతో నడుపుతున్నారు.

#33 కొలిమి
అందుకే ధర పడినప్పుడు సుంకం తనంతట తానే పెరిగేలా, ధర ఎక్కినప్పుడు దిగేలా సూత్రం కట్టాలని కొందరంటారు. వినడానికి బాగుంటుంది. ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవసాయ ఒప్పందం 4.2 అధికరణం ప్రకారం మారే లెవీలు నిషిద్ధం. చిలీ ప్రైస్ బ్యాండ్ పెట్టి అర్జెంటీనా మీద 2002లో ఓడిపోయింది. నోటిఫికేషన్‌తో మామూలుగా పెంచుకోవచ్చు, ఆ సంస్థలో మనం ఒప్పుకున్న గరిష్ఠ హద్దు దాటనంత వరకు. పామాయిల్‌కు మన హద్దు 300 శాతం, సోయా నూనెకు 45 మాత్రమే. పామ్ మీద 45 దాటి వెళ్తే సోయా నూనె వచ్చి ఆ ఖాళీ నింపుతుంది. అంటే ఆచరణలో పామ్ హద్దు కూడా 45 చుట్టుపక్కలే.

#34 గెలలబండి
మిషన్‌లో వయబిలిటీ ప్రైస్ ఉంది కదండీ. అయిదేళ్ళ సగటు ముడి పామాయిల్ ధరని టోకు ధరల సూచీతో సరిచేసి 14.3 శాతం తీసుకుంటారు, ఫార్ములా ధర అంతకన్నా తగ్గితే తేడా ప్రభుత్వం రైతు ఖాతాలో వెయ్యాలి. సుంకం ముట్టుకోకుండా రైతుని కాపాడే దారి అదే. ప్యాకెట్ కొనేవాడి మీద పడదు, వాణిజ్య సంస్థలో తగువు తక్కువ. అయితే 2037 నవంబరు 1 దాకానే అని రాశారు, ఇవాళ నాటిన తోట అప్పటికి ఇంకా సగం వయసులో ఉంటుంది.

#35 కిరాణాకబుర్లు
సుంకంతో వచ్చిన డబ్బును ఈ తేడా కట్టడానికి వాడితే కొన్నవాడు కట్టింది రైతుకే చేరేది. అగ్రి సెస్సు అని పేరు పెట్టింది కూడా అందుకే అనుకున్నాను అమాయకంగా.

#36 రిఫైనరీరూట్
చిన్న ప్యాకర్ల సంగతి ఒక్క ముక్క. నూనె అమ్మకం మీద జీఎస్టీ 5, ప్లాస్టిక్ కవరు మీద 18. కవరు మీద ఎక్కువ కట్టి మిగిలిపోయిన ఆ పన్ను క్రెడిట్ 2022 జులై 18 నుంచి రీఫండ్ ఇవ్వడం లేదు. నూనె ధర ఎక్కితే పెట్టుబడి ఎక్కువ ఇరుక్కుంటుంది, క్రెడిట్ పుస్తకాల్లో పడి ఉంటుంది. సొంత రిఫైనరీ ఉన్న పెద్ద కంపెనీ తట్టుకుంటుంది. టిన్నులు నింపుకునే షెడ్డు తట్టుకోదు.

#37 చేనుగట్టు
ఇంత జరిగింది కదా, ఈ సీజన్‌లో సోయా చేతిలో ఉన్నవాడు ఏం చెయ్యాలో ఎవరైనా చెప్తారా? 2025-26కి మద్దతు ధర 5,328 చేశారు, మార్కెట్‌లో అంత రావడం లేదు.

#38 నల్లరేగడి
తేమ సూస్కో ముందుగాల. సర్కారు కొనుగోలుకు 12 శాతం. 2024ల ఒక్కసారికి 15 దాకా సడలించిన్రు, మళ్ల అట్లనే చేస్తరని నమ్ముకోకు. 15 ఉన్న వంద కిలోలు 12కు ఎండబెడితే 96.6 కిలోలు మిగులుతయ్. మూడున్నర కిలోలు తగ్గినయని బాధపడకు. 5,328 లెక్కన గది 180 రూపాయలు. బయట 4,500కు అమ్మితే పోయేది 828. టార్పాలిన్ మీద పల్చగ ఆరబెట్టు. సిమెంటు కల్లం మీద ఎర్రటి ఎండల పెడితే పొట్టు పగిలి బద్దలైతది, అప్పుడు డ్యామేజీ కింద కొట్టేస్తరు.

పంట నమోదుల సోయా అని పడ్డదో లేదో ఇప్పుడే సూస్కో. పక్క సర్వే నంబరు ఎక్కితే సెంటర్ల ఎనక్కి పంపుతరు. కేంద్రం కొనేది ఉత్పత్తిల 25 శాతం దాకానే, సెంటర్ తెరిచిన మొదటి వారాలల్లనే పోవాలె.

#39 దాణామిక్సర్
సెంటర్ దొరకకపోతే నూనె రేటు చూసి ఆగొద్దు, డీఓసీ రేటు చూడండి. అది కిలోకు రెండు రూపాయలు కదిలితే గింజ క్వింటాల్‌కు 160 కదులుతుంది. నూనె రెండు కదిలితే 36 మాత్రమే. డీఓసీ కదలాలంటే ఎగుమతి ఆర్డర్లు రావాలి, లేదా డిస్టిలరీలకు ధాన్యం ఖరీదై డీడీజీఎస్ తగ్గాలి. ఆ రెండూ లేనప్పుడు గోడౌన్ అద్దె కట్టుకుంటూ కూర్చోవడం దండగ.

#40 చేనుగట్టు
మరి వచ్చే ఏడు మొక్కజొన్న వేస్తే? ఇథనాల్ వాళ్ళు కొంటారుగా.

#41 దాణామిక్సర్
వేసేముందు చుట్టుపక్కల వంద కిలోమీటర్లలో డిస్టిలరీ ఉందేమో, అది మొక్కజొన్న తీసుకుంటోందో బియ్యానికి మారిందో కనుక్కోండి. ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) బియ్యం ఇస్తే వాళ్ళు మొక్కజొన్న వదిలేస్తారు, ఆపితే మళ్ళీ వస్తారు. 2023 జులైలో అలాగే బియ్యం ఆపారు. ఆ ఉత్తర్వు కోసం కస్టమ్స్ నోటిఫికేషన్లలో వెతక్కండి, అక్కడ ఉండదు.